లేత్ మీద గిన్నె ఎందుకు ఊడొస్తోంది?

ప్రశ్న: నా దగ్గర చెక్కను తిప్పుతూ మలిచే చిన్న లేత్ ఉంది. దానికి నాలుగు దవడల చక్ (ముక్కను బిగించి పట్టే భాగం), 50 మి.మీ. దవడల సెట్టు ఉన్నాయి. 250 మి.మీ. వ్యాసం, 100 మి.మీ. మందం ఉన్న పచ్చి చెక్కతో గిన్నె చేయబోతే రెండుసార్లు ఊడిపోయింది. బయటి వంపు బాగానే వచ్చింది. అడుగున 65 మి.మీ. వెడల్పు, 15 మి.మీ. పొడుగుతో టెనన్ (చక్ పట్టుకునే పొట్టి గుండ్రటి కాడ) వదిలి, గిన్నెను తిప్పి చక్‌లో బిగించి, నిమిషానికి 1,200 చుట్ల వేగంతో లోపల తొలిచాను. మొదటిసారి గిన్నె జారి నేల మీద దొర్లింది. రెండోసారి టెనన్ పుటుక్కున విరిగి, గిన్నె నా చెవి పక్కనుంచి పోయి గోడకు కొట్టుకుంది. విరిగిన టెనన్ చుట్టూ ఎనిమిది గాట్లు ఉన్నాయి. దాని చివరి మొహం మీద ఉంగరంలా ఒత్తుకున్న గుర్తు ఉంది. చక్ కీకి పైపు తొడిగి ఇంకా బిగించాలా? పెద్ద చక్ కొనాలా? టెనన్ బదులు అడుగున గుంట తొలిచి, దవడలను లోపలినుంచి విప్పి పట్టిస్తే మేలా? కళ్లద్దాలు పెట్టుకునే పని చేస్తున్నాను.

సమాధానం: ముందు ఆ పైపు పక్కన పడేయండి. బిగువు చాలక మీ గిన్నె ఊడలేదు. మీరు రాసిన ఎనిమిది గాట్లు, ఉంగరపు గుర్తు చూస్తేనే ఏం జరిగిందో తెలిసిపోతోంది. విరిగిన ముక్కను పారేయకుండా చూసి రాశారు, మంచి పని చేశారు.

గాట్ల సంగతి మొదట చూద్దాం. చక్ దవడల లోపలి వంపును ఒక్క వ్యాసానికే కోసి ఉంచుతారు. నాలుగు దవడలూ దాదాపు మూసుకుని, మధ్యలో రెండు మూడు మి.మీ. సందు మిగిలినప్పుడే ఆ నాలుగు వంపులూ కలిసి ఒకే గుండ్రం అవుతాయి. 50 మి.మీ. సెట్టయితే ఆ గుండ్రం 50కి అటూ ఇటూగా వస్తుంది. మీ సెట్టుతో వచ్చిన కాగితంలో అంకె ఉంటుంది. కాగితం పోతే దవడలను ఆ కాస్త సందుకు తెచ్చి లోపలి వ్యాసం కాలిపర్‌తో కొలుచుకోండి. అంతకంటే పెద్ద టెనన్ పెట్టి దవడలను బాగా తెరిచారనుకోండి, వంపు వంపుకు ఆనదు. ఒక్కో దవడ రెండు మూలలు మాత్రమే చెక్కలోకి దిగుతాయి. నాలుగు దవడలకు రెండేసి మూలలు, మొత్తం ఎనిమిది గాట్లు. అంటే మీ గిన్నె మొత్తం ఎనిమిది మొనల మీద వేలాడింది. పచ్చి చెక్క మెత్తన. కొద్ది నిమిషాల అదురుకు ఆ మొనల కింద నార నలిగి, పట్టు వదులైంది. మొదటిసారి జారిపోవడానికి కారణం ఇదే. పైపు తొడిగి బిగిస్తే ఆ ఎనిమిది మొనలూ ఇంకాస్త లోతుకు దిగి నారను తెంపుతాయి. పట్టు మాత్రం పెరగదు.

టెనన్ ఆ వ్యాసం కంటే చిన్నదైనా ఇబ్బందే. అప్పుడు ఒక్కో దవడ నడిమధ్య ఒక్క గీత మీదే ఆనుతుంది. కాబట్టి టెనన్ వ్యాసం దవడల అసలు గుండ్రానికి సమానంగానో, రెండు మూడు మి.మీ. ఎక్కువగానో ఉండాలి. అంతకు మించి పోవద్దు.

ఇక ఉంగరపు గుర్తు. అసలు దోషం ఇక్కడుంది. టెనన్ చివర పోయి చక్ లోపలి అడుగుకు తగిలిందని దాని అర్థం. దవడల లోతు 12 మి.మీ. ఉన్నచోట మీరు 15 మి.మీ. టెనన్ పెడితే గిన్నె అడుగుకూ దవడల పై మొహానికీ మధ్య 3 మి.మీ. ఖాళీ ఉండిపోతుంది. చూసేవాళ్లకు గిన్నె చక్కగా కూర్చున్నట్టే ఉంటుంది. నిజానికి పుట్టగొడుగు కాడ మీద నిలబడ్డట్టు నిలబడింది. ఉలి అంచును నొక్కినప్పుడల్లా అది ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ బరువంతా టెనన్ మొదట్లో పడుతుంది.

గిన్నెను నిలబెట్టేది ముఖ్యంగా భుజం. టెనన్ చుట్టూ ఉన్న చదునైన వలయం దవడల పై మొహం మీద నలువైపులా ఒత్తుకుని కూర్చోవాలి. టెనన్ పని గిన్నెను వెనక్కి లాగి ఆ మొహానికి అంటిపెట్టి ఉంచడం. అది పట్టుకొమ్మే కాని పునాది కాదు. ఈ ఒక్క సంగతి అర్థమైతే కొలతలన్నీ వాటంతట అవే కుదురుతాయి. దవడల లోతు కొలిచి అందులోంచి 2 మి.మీ. నుంచి 3 మి.మీ. తీసేయండి. టెనన్ పొడుగు అంతకు మించకూడదు. మీ దవడల లోతు 12 అయితే 9 మి.మీ. చాలు. ఏడు ఎనిమిది ఉన్నా పని నడుస్తుంది.

పొడుగు పెంచితే బలం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. నార ఎటు పోతోందో చూడండి. మొద్దును నిలువునా చీల్చి ఆ చీలిక నుంచి గిన్నె తీసినప్పుడు నార గిన్నె అడుగుకు సమాంతరంగా, ఒక అంచు నుంచి ఎదుటి అంచు దాకా అడ్డంగా పోతుంది. టెనన్‌లోనూ అంతే. పొరల మీద పొరలు పేర్చిన కట్టలా ఉంటుందది. పక్కకు తోస్తే ఒక పొర దగ్గర లేచిపోతుంది. మీది పుటుక్కుమని విరిగింది అందుకే. విరిగిన చోటు చదునుగా, పెచ్చు ఊడినట్టు ఉండి ఉండాలి, చూసుకోండి. పొడుగు పెంచితే ఆ పొరలను లేపే మీట పొడుగు పెరుగుతుంది, అంతే. బలం ఇచ్చేది వెడల్పు. 65 మి.మీ. టెనన్‌ను 90 చేస్తే అడ్డుకోత వైశాల్యం దాదాపు రెట్టింపవుతుంది. వంచే బలానికి తట్టుకునే శక్తి రెండున్నర రెట్లు దాటుతుంది.

వెడల్పుకు లెక్క ఇది: గిన్నె వ్యాసంలో మూడో వంతు తక్కువలో తక్కువ. పచ్చి చెక్క, లోతు గిన్నె అయితే ఐదింట రెండు వంతులు. 250 మి.మీ. గిన్నెకు 85 నుంచి 100 మి.మీ. అన్నమాట. ఆ సైజును 50 మి.మీ. దవడలు పట్టలేవు. మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇదే. చక్ మార్చాల్సిన పని లేదు, అదే చక్‌కు సరిపోయే 75 లేదా 100 మి.మీ. దవడల సెట్టు కొనండి. అది వచ్చేదాకా ఉన్న దవడలతో 150 మి.మీ. లోపు గిన్నెలు చేసుకోండి. 50 మి.మీ. టెనన్‌కు ఆ సైజు సరిగ్గా సరిపోతుంది, చేయి కూడా తిరుగుతుంది.

టెనన్ తీసే పద్ధతి

గిన్నె బయటి వంపు చేసేటప్పుడే, టెయిల్‌స్టాక్ (ఎదుటి చివర నుంచి ముక్కను మొనతో ఒత్తే భాగం) ఇంకా ఆనించి ఉండగానే టెనన్ తీయాలి. దవడల గుండ్రం ఎంతో దానికి 2 మి.మీ. కలిపి కాలిపర్ తెరిచి, అడుగు మీద పెన్సిలుతో వలయం గీయండి. లేత్ తిరుగుతుండగా కాలిపర్ రెండు మొనలూ చెక్కకు ఆనించొద్దు. ఎడమ మొన ఒక్కటే ఆనించి, కుడి మొన ఆ గీత మీదికే వస్తోందో లేదో కంటితో చూసుకోవాలి. తర్వాత పార్టింగ్ టూల్‌తో, అంటే సన్నటి గాడి దించే ఉలితో, గీత బయట 8 మి.మీ. లోతు దించండి. భుజం కనీసం 10 మి.మీ. వెడల్పు ఉండేలా బయటికి చదును చేయండి. దవడ పై మొహం అంతకంటే వెడల్పయితే దాని మేరకు చేయండి.

మీ దవడల లోపలి వైపు వేలు పెట్టి చూడండి. కొన్నింటికి లోపలికి వాలిన డవ్‌టెయిల్ కోణం ఉంటుంది, కొన్నింటికి నిలువు గోడ మీద గాడులుంటాయి. డవ్‌టెయిల్ దవడలకు టెనన్ కూడా అదే కోణంలో, మొదట్లో సన్నగా, చివర వెడల్పుగా వాలాలి. గాడుల దవడలకు నిలువు గోడే కావాలి. డవ్‌టెయిల్ దవడలో నిలువు టెనన్ పెడితే దవడ పెదవి ఒక్కటే కరుస్తుంది. అది కూడా సన్నటి వలయం లాంటి గాటు పెట్టి, సరిగ్గా అక్కడే విరుగుతుంది. కోణం కొలవాల్సిన పని లేదు. కొసను ఏటవాలుగా నూరిన చిన్న స్క్రేపర్ (చెక్కను గీకి తీసే ఉలి) ఒకటి ఉంచుకుంటే ప్రతిసారీ అదే వాలు వస్తుంది.

టెనన్ గోడ, భుజం కలిసే మూల పదునుగా ఉండాలి. చాలా గిన్నెలు ఊడేది ఈ మూల దగ్గరే. గౌజ్‌తో, అంటే కాలువలా తొలిచిన ఉలితో, తీస్తే మూలలో చిన్న గుండ్రం మిగిలిపోతుంది. ఆ గుండ్రం మీద దవడ అంచు ఎక్కి కూర్చుంటుంది, భుజం కిందికి దిగదు. స్క్రేపర్ మొనతో ఆ మూలను శుభ్రంగా తీసి, భుజాన్ని బయటి అంచు కంటే లోపల వెంట్రుక మందం పల్లంగా చేయండి. ఉక్కు స్కేలు నిలబెట్టి వెనక నుంచి దీపం వేసి చూస్తే టెనన్ వైపు సన్నటి వెలుతురు గీత కనిపించాలి. అలా ఉంటే బరువు భుజం బయటి అంచు మీద పడుతుంది. ఆధారం ఎంత వెడల్పయితే ఊగడం అంత తక్కువ. టెనన్ మధ్యలో టెయిల్‌స్టాక్ మొన చేసిన చుక్కను చెరపకండి, చివర్లో మళ్లీ పని పడుతుంది.

చక్‌లో కూర్చోబెట్టేటప్పుడు

దవడల సందుల్లో, చక్ మరలో పేరుకున్న పొట్టు పాత టూత్ బ్రష్‌తో దులపండి. చక్ వెనక భాగం స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) భుజానికి ఇనుముకు ఇనుము తగిలేదాకా ఎక్కాలి. మధ్యలో ఒక పెళ్లు ఇరుక్కున్నా చక్ వంకరగా తిరుగుతుంది. ఇసుక కాగితం పట్టేందుకు లేత్‌ను వెనక్కి తిప్పే అలవాటుంటే, చక్‌ను స్పిండిల్‌కు బిగించే పక్క స్క్రూ తప్పక బిగించాలి. లేకపోతే చక్, గిన్నె కలిసే మరలోంచి ఊడి వస్తాయి.

గిన్నెను చేత్తో పట్టుకుని ఒక్కరే చక్ బిగించొద్దు. టెనన్‌ను దవడల్లో పెట్టి, టెయిల్‌స్టాక్‌ను ముందుకు తెచ్చి, మధ్యలో చదునైన చెక్క ముక్క అడ్డం పెట్టి, టెయిల్‌స్టాక్‌లో ముక్కతో పాటు తిరిగే మొనతో, అంటే లైవ్ సెంటర్‌తో, గిన్నెను చక్ మీదికి ఒత్తండి. ఆ ఒత్తిడి ఉండగానే కీ తిప్పండి. ఒక కీ రంధ్రంలో బిగించాక చక్‌ను అర చుట్టు తిప్పి రెండో రంధ్రంలోనూ బిగించండి. మణికట్టు బలం చాలు. ఇప్పుడు సన్నటి కాగితం చీలిక ఒకటి తీసుకుని, భుజానికీ దవడ మొహానికీ మధ్య నాలుగు చోట్ల దూర్చి చూడండి. ఎక్కడా దూరకూడదు. ఒక్కచోట దూరినా విప్పి, భుజం సరిచేసి మళ్లీ పెట్టాలి. ఈ పరీక్షకు అర నిమిషం పట్టదు. మీ రెండు గిన్నెలూ దీని దగ్గరే దొరికిపోయేవి.

పచ్చి చెక్క నలుగుతుంది కాబట్టి మొదటి ఐదు నిమిషాల తొలుపు తర్వాత లేత్ ఆపి, కీ మరోసారి పెట్టి చూడండి. పావు చుట్టు తిరగడం మామూలే. ఆ తర్వాత కూడా ఆపినప్పుడల్లా తిరుగుతూనే ఉంటే టెనన్ నలిగిపోతోందని గ్రహించి పని ఆపాలి. ఇంకోమాట, కీ చక్‌లో ఉండగా చేయి తీయకూడదు. స్విచ్ వేసేటప్పుడు కీ ఎక్కడుందో కంటికి కనపడాలి.

లోపల తొలవడం మొదలుపెట్టగానే టెయిల్‌స్టాక్ తీసేయడం ఇంకో పొరపాటు. నడిమధ్య 50, 60 మి.మీ. మందాన దిమ్మెను అలాగే వదిలి, దాన్ని లైవ్ సెంటర్‌తో ఒత్తిపెట్టి, దాని చుట్టూ తొలవండి. అంచు దగ్గర పని అయ్యేవరకు ఇలాగే సాగించవచ్చు. ఉలి ఎక్కువగా పట్టేసేది అంచు దగ్గరే, మీట పొడుగు ఎక్కువగా ఉండేదీ అక్కడే. దిమ్మె ఒక్కటే మిగిలినప్పుడు టెయిల్‌స్టాక్ వెనక్కి జరిపి దాన్ని తీయండి. నడిమధ్య ఉలి పట్టేసినా గిన్నెను ఊపేంత మీట ఉండదు.

గుంట తొలిచి పట్టిస్తే?

వెడల్పాటి పళ్లేలకు, ఎండిన గట్టి చెక్కకు అది బాగుంటుంది. లోతు పెద్దగా అక్కర్లేదు, నాలుగైదు మి.మీ. చాలు. మీ పనికి మాత్రం వద్దంటాం. దవడలు బయటికి తోసేటప్పుడు చెక్కను చీల్చే బలం పుడుతుంది. మేకు కొడితే చెక్క ఎటు చీలుతుందో ఇదీ అటే చీలుస్తుంది. గుంట చుట్టూ 25 మి.మీ. దిట్టమైన చెక్క మిగలాలి, కీ తిప్పే చేతికి నిదానం ఉండాలి. పైగా లోపల తొలుస్తూ పోతే గుంట పై కప్పు ఎంత మందం మిగిలిందో కనపడదు. పచ్చి చెక్కలో కంటికి ఆనని నెర్ర ఒకటి ఉన్నా దవడలు దాన్ని తెరుస్తాయి.

మొదటి పట్టు

మీరు రాయలేదు గాని, బయటి వంపు చేసేటప్పుడు దేనితో పట్టించారన్నది కూడా ముఖ్యమే. 250 మి.మీ. వ్యాసం, 100 మి.మీ. మందం అంటే దాదాపు 5 లీటర్ల చెక్క. పచ్చిదయితే 5 కిలోల దాకా తూగుతుంది. మొద్దు ఒక పక్క బెరడుతో, ఒక పక్క కోసి ఉంటే బరువు మధ్యన ఉండదు. ఇలాంటి దాన్ని చక్‌తో వచ్చే ఒంటి స్క్రూ మీద వేలాడదీయొద్దు. స్క్రూ వాడే ముక్క చదునుగా ఉండాలి. చాలా సెట్ల స్క్రూలకు 8 మి.మీ. రంధ్రం, స్క్రూ పొడుగు కంటే ఐదారు మి.మీ. లోతుగా పడాలి. చెక్క మొహం దవడల మీద గట్టిగా ఆనేదాకా తిప్పాలి. ఎండ్ గ్రెయిన్‌లో, అంటే నార కొసలు తేలిన మొహంలో, స్క్రూ మరలు నారను తెంపేసి పొట్టులా బయటికి వస్తాయి. అక్కడ వాడనే వాడొద్దు.

పెద్ద పచ్చి ముక్కకు ఫేస్‌ప్లేట్ (స్క్రూలతో ముక్కకు బిగించి స్పిండిల్‌కు ఎక్కించే లోహపు పళ్లెం) మేలు. ఫేస్‌ప్లేట్‌ను తర్వాత తొలిచేసే వైపు, అంటే గిన్నె నోటి వైపు బిగించండి. స్క్రూ రంధ్రాలన్నీ తొలుపులో పోతాయి. ముందు ఆ మొహాన్ని చిత్రిక పట్టి చదును చేయాలి. ప్లేటు పెట్టి వేలితో ఒక మూల నొక్కితే ఎదుటి మూల లేవకూడదు. లేస్తే కింద చెక్క పేళ్లు దూర్చి సర్దుకోవద్దు, మళ్లీ చిత్రిక పట్టండి. 150 మి.మీ. ప్లేటుకు ఎనిమిది స్క్రూలు, 12 నంబరువి, చెక్కలోకి కనీసం 25 మి.మీ. దిగేవి కావాలి. గట్టి చెక్కలో ముందుగా 4 మి.మీ. రంధ్రం వేయండి. బెరడులోకి, బెరడు కింది మెత్తటి తెల్లచెక్కలోకి దిగిన స్క్రూను లెక్కలోకి తీసుకోకండి. జిప్సం బోర్డులకు వాడే నల్ల స్క్రూలు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి, చేతికి అవే వస్తాయి. వాటిని మాత్రం ముట్టుకోవద్దు. అవి గట్టివే గాని పెళుసు. పక్కనుంచి దెబ్బ తగిలితే వంగకుండా తల తెగిపోతాయి. ఎనిమిదింటిలో మూడు తెగినా బయటికి ఏమీ తెలియదు, తలలన్నీ వాటి చోట్లలోనే కూర్చుని ఉంటాయి.

మొదటి పట్టు ఏదైనా, బయటి పని అయ్యేదాకా టెయిల్‌స్టాక్ ఆనించే ఉంచండి.

చెక్కను కూడా చూడాలి. మాను నడిమధ్య బెండు ముక్కలో ఉండకూడదు, నెర్రలు అక్కడినుంచే బయలుదేరతాయి. బెండుకు రెండు వైపులా 10 మి.మీ. చొప్పున కోసి పారేయండి. బెరడు లోపలికి మడత పడ్డ చోట్లు, పుచ్చిన చోట్లు, ముడుల చుట్టూ వలయాల్లా ఉన్న బీటలు వెతకండి. వేళ్ల కణుపులతో కొట్టి వినండి. గట్టి ముక్క ఖంగుమంటుంది, లోపల బీట ఉంటే బొదబొదమంటుంది. సూపర్ గ్లూ పోస్తే నెర్ర కనపడకుండా పోతుంది గాని ముక్కకు పోయిన బలం రాదు.

వేగం

మీరు వాడిన 1,200 ఎక్కువ. అంగుళాల్లో వ్యాసాన్ని నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే 6,000కూ 9,000కూ మధ్య రావాలన్నది చెక్క తిప్పేవాళ్లంతా వాడే లెక్క. మీ గిన్నె 10 అంగుళాలు, అంటే 600 నుంచి 900. అది కూడా గుండ్రం అయ్యి, అదురు పోయిన తర్వాతే. మొద్దు ఇంకా ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు మీ లేత్‌కు ఉన్న అతి తక్కువ వేగంతో మొదలుపెట్టాలి.

ఎందుకో అంకెల్లో చూడండి. అంచు దగ్గర ఒక పక్క 100 గ్రాములు ఎక్కువుందనుకుందాం. 600 చుట్ల దగ్గర అది బయటికి 5 కిలోల బరువంత బలంతో లాగుతుంది. 1,200 దగ్గర ఆ లాగుడు రెట్టింపు కాదు, నాలుగింతలై 20 కిలోలవుతుంది. ఆ లాగుడు గిన్నెతో పాటు తిరుగుతూ సెకనుకు ఇరవైసార్లు లేత్‌ను అదిలిస్తుంది, టెనన్‌ను పక్కకు వంచుతుంది. 1,200లో మీ గిన్నె అంచు గంటకు 56 కిలోమీటర్ల వేగంతో పోతోంది. గిన్నెను గోడకు విసిరింది ఆ తిరుగుడే. స్విచ్ వేయబోయే ముందు బెల్టు ఏ పుల్లీ మీద ఉందో, డయల్ ఎక్కడుందో చూడటం అలవాటు చేసుకోండి. నిన్న చిన్న పనికి పెంచిన వేగం ఇవాళ పెద్ద మొద్దుకు అలాగే ఉండిపోతుంది. టూల్ రెస్ట్‌ను (ఉలిని ఆనించే కడ్డీని) చెక్కకు 5 మి.మీ. దూరంలో బిగించి, చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి ఎక్కడా తగలడం లేదని చూశాకే స్విచ్ వేయాలి.

ఉలి పట్టేయడం

పట్టు ఎంత బాగున్నా ఉలి గట్టిగా పట్టేస్తే ఏదో ఒకటి విరుగుతుంది. అది మరీ పెద్ద విషయం కాబట్టి లోపలి తొలుపు వరకే చెప్తాం. ఎక్కువగా పట్టేసేది అంచు దగ్గర గౌజ్ మొదటిసారి లోపలికి దిగేటప్పుడు. గౌజ్ కాలువ నోరు ఆకాశం వైపు ఉంటే మొన జారి అంచు మీదుగా బయటికి పరుగెత్తుతుంది, లేదా రెక్క చెక్కలో దిగబడుతుంది. దిగేటప్పుడు కాలువ నోరు పక్కకు, గిన్నె మధ్య వైపుకు పూర్తిగా తిప్పి పట్టుకోండి. రెండు మూడు మి.మీ. లోతు దిగి, గౌజ్ బెవెల్ (కొస వెనక నూరిన వాలు) చెక్కకు ఆనాక నోరు కొంచెం పైకి తిప్పండి. లోపల కోత అంచు నుంచి అడుగుకు సాగాలి. స్క్రేపర్ వాడితే పిడి పైకి, కొస కొద్దిగా కిందికి వాలి ఉండాలి. గోడ పలచబడ్డాక స్క్రేపర్‌తో అంచు జోలికి వెళ్లొద్దు. పలచటి గోడ గంటలా మోగుతూ కొసను లోపలికి లాక్కుంటుంది. గిన్నె లోతు పెరిగేకొద్దీ రెస్ట్‌ను లోపలికి జరపండి. రెస్ట్ దాటి ఉలి ఎంత పొడుగు పోతే చేతికి అంత పట్టు తప్పుతుంది.

కళ్లద్దాలు చాలవు. మొహం మొత్తం కప్పే షీల్డు, దెబ్బ తట్టుకునే రకం, ఏఎన్‌ఎస్‌ఐ జెడ్87+ లేదా ఈఎన్ 166 బి ముద్ర ఉన్నది కావాలి. కానీ అది పేళ్లకు, చిన్న ముక్కలకు పనికొస్తుంది. 5 కిలోల గిన్నె సూటిగా వస్తే ఏ షీల్డూ ఆపలేదు. కాబట్టి నిలబడే చోటు చూసుకోవాలి. తిరిగే ముక్క అంచుకు ఎదురుగా ఒక గీత ఊహించుకుంటే, పైకీ కిందికీ ముందుకూ ఆ గీత మీదే అది ఎగురుతుంది. స్విచ్ వేసేటప్పుడు, వేగం పెంచేటప్పుడు ఆ గీతలో మీ ఒళ్లు ఉండకూడదు. స్విచ్ అందుకోవాలంటే గీత దాటి చేయి చాపాల్సి వస్తుంటే స్విచ్‌ను టెయిల్‌స్టాక్ వైపుకు మార్పించండి. చేతికి గ్లవ్స్, వదులు చేతుల చొక్కా వద్దు.

టెనన్ తీసేయడం చివరి పని. ఫేస్‌ప్లేట్‌కు గుండ్రటి చెక్క ఒకటి బిగించి, దాని అంచు మీద మెత్తటి రబ్బరు ముక్క వేసి, గిన్నెను బోర్లించి దానికి తొడగండి. ఇందాక చెరపొద్దన్న చుక్కలో లైవ్ సెంటర్ పెట్టి ఒత్తండి. టెనన్‌ను 500 లోపు వేగంలో చిన్న చిన్న కోతలతో 15 మి.మీ. బొడిపె అయ్యేదాకా తగ్గించి, లేత్ ఆపి, ఆ బొడిపెను చిన్న రంపంతో కోసి ఉలితో నున్న చేసుకోండి. వెడల్పు దవడల మీద రబ్బరు గుబ్బలుండే సెట్టుతోనూ ఇది చేయవచ్చు. అది గిన్నెను అంచు దగ్గరే పట్టుకుంటుంది కాబట్టి దానికీ టెయిల్‌స్టాక్ ఉండాల్సిందే, వేగం దాని మీద రాసిన హద్దు దాటకూడదు.

ఇప్పుడు ఆ గోడకు కొట్టుకున్న గిన్నె. టెనన్ ఒక్కటే పోయి గోడలు మందంగా ఉంటే దాన్ని కాపాడుకోవచ్చు. లోపలా బయటా స్పిరిటు తడిపిన గుడ్డతో తుడవండి. ఒళ్లంతా క్షణాల్లో ఆరిపోతుంది, నెర్ర ఉన్నచోట మాత్రం సన్నటి నల్లగీత నిలిచిపోతుంది. గీత కనిపిస్తే ఆ ముక్కను లేత్ ఎక్కించొద్దు. లేకపోతే పైన చెప్పినట్టే బోర్లించి, టెయిల్‌స్టాక్‌తో ఒత్తి, విరిగిన చోటును చదును చేసి, కొత్త దవడల కొలతకు 8 మి.మీ. టెనన్ మళ్లీ తీయండి. గిన్నె లోతు ఓ 12 మి.మీ. తగ్గుతుంది. తొలిచే ముందు అడుగు మందం కొలిచి, టెనన్ పైన ఇంకా ఎంత చెక్క మిగిలిందో గిన్నె బయట పెన్సిలుతో గీసి పెట్టుకోండి.